ఎదుటివాని ముఖం చూడడమే ఆత్మౌపమ్యం

(శ్రీ రాఘవేంద్రస్వామివారి ఆరాధనోత్సవాల సందర్భంగా ఆదోనిలో జరిగిన భక్తజనసభలో చేసిన ప్రసంగపాఠం)



ఆరాధన దినాలలో ఏదైనా వేదాంత విషయం చెప్పవలసినదిగా పెద్దలు మమ్మల్ని ఆదేశించినారు. మేము ఎన్నుకొన్న విషయం వినడానికి చిన్నది. ఒక మనిషి ఇంకొక మనిషిని చూచినప్పుడు ఏమి చూస్తాడు? ముఖాన్నా, ముఖం మీది రంగునా? మనిషినా, మనిషి వెనుకనున్న పుట్టుకనా?

భగవద్గీత ఆరవ అధ్యాయంలో 'ఆత్మౌపమ్యం' అనే మాట వస్తుంది. తననే ఉపమానంగా పెట్టుకొని ఎదుటివాని సుఖదుఃఖాలను తెలిసికోవడం అని దాని తాత్పర్యం. నన్ను ముల్లు గ్రుచ్చితే ఎట్లు నొచ్చునో, వానికీ అట్లే నొచ్చును అని గ్రహించినవాడే శ్రేష్ఠుడైన యోగి అని భగవానుని నిర్ణయం. ఈ మాటకు అర్థం చెప్పుకొంటూ మేము నలభై యేండ్లు గడిపినాము. అయినా అది మాకు నిజంగా బోధపడినది వ్యాసపీఠం ముందు కాదు. ఎమ్మిగనూరులో ఒక ఇంటి అరుగు మీద. ఆ సంగతి తరువాత మనవి చేస్తాము. ముందుగా భారతకథలోనికి పోదాము.

అంబిక మూసిన కన్నులు

నన్నయభట్టారకుడు తెనిగించిన ఆదిపర్వంలోని ఘట్టం మీకందరికీ తెలిసినదే. విచిత్రవీర్యుడు సంతానం లేకుండా గతించినాడు. వంశం నిలువవలెనని సత్యవతీదేవి తన కుమారుడైన వ్యాసభగవానుని స్మరించింది. వ్యాసులవారు ఎవరు? పడవ నడిపే దాశకన్య కడుపున, యమునానది దీవిలో అవతరించినవారు. మేనిచాయ నలుపు. అందుచేతనే వారికి కృష్ణద్వైపాయనులని పేరు. వేదాలను విభజించిన మహర్షి, ఆషాఢపూర్ణిమనాడు మనం పూజించే జగద్గురువు ఆయనే.

అట్టి మహనీయుడు నియోగధర్మం ననుసరించి అంతఃపురానికి వచ్చినప్పుడు అంబిక ఏమి చేసింది? ఆ నల్లని రూపాన్ని, ఎర్రని జడలను, జ్వలించే నేత్రాలను చూచి బెదరి కన్నులు మూసికొన్నది. మరల తెరువలేదు. ఆమెకు మహాబలవంతుడైన కుమారుడు పుట్టినాడు, కాని పుట్టుగ్రుడ్డి. అంబాలిక కన్నులు మూయలేదు గాని భయంతో తెల్లబోయింది. ఆమె కుమారుడు పాండువర్ణంతో పుట్టినాడు. మూడవసారి అంబిక తాను పోలేక, తన దాసిని నగలతో అలంకరించి పంపింది. ఆ దాసి బెదరలేదు. లేచి నమస్కరించింది. గౌరవంతో సేవించింది. ఆమె కడుపున ధర్మదేవత అంశతో విదురుడు జన్మించినాడు.

ఏమిటి ఇందులోని అంతరార్థం? ఎదుట నిలిచినవాడు సాక్షాత్తు వేదవ్యాసుడు. అయినా కన్ను మూసికొన్నవారికి కనిపించినది నలుపు మాత్రమే. అందువలన నష్టం ఎవరికి కలిగింది? వ్యాసులవారికి కాదు, కన్ను మూసిన ఇంటికి. ఆ అంధత్వం ఒక్క తరంతో ఆగలేదు. గ్రుడ్డితండ్రి పుత్రమోహం కురుక్షేత్రం దాకా పోయింది.

అయితే అంబికను నిందించడానికి మేము ఈ కథ ఎత్తుకొనలేదు. ఆమె భర్తను పోగొట్టుకొన్న చిన్నది. రాణిచేత ఒక సంవత్సరం వ్రతం చేయించి సిద్ధపరచవలెనని వ్యాసులవారు ముందే చెప్పినారు. సత్యవతికి అంత ఓపిక లేకపోయింది. చూడడం నేర్పకుండానే చూడమన్నారు. అందువలన ఒక సంగతి తేలుచున్నది. కన్ను పుట్టుకతో వస్తుంది, చూపు నేర్చుకొంటే వస్తుంది. అది కూడా ఒక విద్యయే. మనలో ఎందరికి ఆ విద్య చిన్ననాట నేర్పినారు?

నల్లరేగడి మీద బ్రతికేవారము

మన ఆదోని ప్రాంతపు సంగతే చూడండి. మన పత్తిచేలు నల్లరేగడి నేలలు. వాన చాలని సీమ గనుక ఆషాఢం వచ్చినది మొదలు నల్లమబ్బు కోసం ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాము. పూజామందిరంలో నీలమేఘశ్యాముని నిలుపుకొంటాము. ద్రౌపదీదేవి పేరే కృష్ణ. మరి అదే ఇంట్లో ఆడపిల్ల కొంచెం నలుపుగా పుడితే పురిటింట్లోనే పెదవి విరుస్తాము. 'పిల్ల లక్షణంగా ఉన్నది, రంగు ఒక్కటే తక్కువ' అంటాము. రంగు తక్కువ కావడమేమిటి? తూకం వేసి ఇచ్చేదా రంగు? పెండ్లిచూపులలో 'ఎర్రగా బుర్రగా ఉండవలె' అని అడిగే పెద్దమనిషి సాయంకాలం గుడికి వచ్చి నల్లని విగ్రహం ముందు సాష్టాంగపడుతున్నాడు.

తెల్లబరుస్తామని చెప్పి దశాబ్దాలుగా అమ్మిన ఒక లేపనం తన పేరులోని 'ఫెయిర్' అనే మాటను 2020లో తీసివేసి 'గ్లో' అని పెట్టుకొన్నది. పేరు మారింది, మంచిదే. పెండ్లివారి చూపు మారిందా అన్నది మనం మన ఇండ్లలో అడుగుకోవలసిన ప్రశ్న.

ఇక పుట్టుక సంగతి. మన పడమటి మండలాల నుండి ఏటేటా వేలమంది కూలీలు సుగ్గికి పోతారు. గుంటూరు సీమలో పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి, పిల్లాపాపలతో, తట్టాబుట్టలతో తరలిపోతారు. అక్కడ వారి యాస విని నవ్వేవారున్నారు, వారిని చులకనగా పిలిచేవారున్నారు. ఆ మాట వింటే మనకు కష్టం తోస్తుంది. కాని ఆ కూలివాడే మన ఊళ్ళో మన గడప ముందు నిలిచినప్పుడు, వయస్సు అరవై దాటినవానిని మన పదేండ్ల పిల్లవాడు 'ఏరా' అని పిలిస్తే, మనకు ఏమీ తోచదు. చెవికి అలవాటైన తప్పు తప్పుగా వినిపించదు. దానిలోని ప్రమాదమంతా అదే.

మంత్రాలయం నేర్పే పాఠం

మంత్రాలయ మహాత్మ్యం మీకు క్రొత్తగా చెప్పనక్కరలేదు. అయినా అందులో మనం గమనించక దాటిపోయే విషయం ఒకటి ఉన్నది. స్వామివారి చరిత్రలో వచ్చే ఆదోని నవాబు పేరు సిద్ది మసూద్ ఖాన్. 17వ శతాబ్దంలో బిజాపూరు సుల్తానుల తరఫున ఈ దుర్గాన్ని పాలించినాడు. ఈ ఊరి జామియా మసీదు ఆయన కట్టించినదే. సిద్దీలు అంటే ఎవరు? ఆఫ్రికా ఖండం నుండి మన దేశానికి వచ్చిన సంతతివారు. నాడు అబిసీనియా అన్న దేశం నేటి ఇథియోపియా. కొందరు బానిసలుగా తేబడి, తమ శక్తిచేత సేనానులుగా, మంత్రులుగా ఎదిగినారు. అహమ్మద్‌నగరు రాజ్యాన్ని నడిపిన మలిక్ అంబర్ అట్టివాడే. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట కలదు. నిజాము కొలువులోని ఆఫ్రికా అశ్వికదళం పేరే ఆ పేటకు నిలిచిపోయింది.

ఆ నవాబు స్వామివారిని పరీక్షింపదలచి మాంసం నింపిన పళ్ళేనికి వస్త్రం కప్పి కానుకగా పంపినాడని, స్వామివారు జలం ప్రోక్షించి వస్త్రం తొలగించగా అవి ఫలాలైనవని మఠసంప్రదాయం చెబుతున్నది. నవాబు పశ్చాత్తాపపడి ఏ జాగీరు కావలెనన్నా ఇస్తానన్నాడు. స్వామివారు తుంగభద్రాతీరంలోని మంచాల గ్రామాన్ని కోరినారు. 1671లో బృందావన ప్రవేశం చేసినది అక్కడే. అదే నేటి మంత్రాలయం.

ఇక్కడ ఆలోచించండి. అవమానం వచ్చినప్పుడు స్వామివారు పళ్ళేన్ని త్రోసివేయలేదు, మూత తీసినారు. ఆ నవాబు ఏ జాతివాడు, ఏ రంగువాడు అని అడుగలేదు. ఆయన ఇచ్చిన నేల మీదనే బృందావనం నిలిచింది. చదువురాని వెంకన్నను అక్షరం చదివించి నవాబుకు దివానుగా చేసినది వారి అనుగ్రహమే. 1800లో దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో దొర బృందావనం ముందు టోపీ, పాదరక్షలు తీసి నిలిచినప్పుడు స్వామివారు ఆయనతో సంభాషించినారని కూడా సంప్రదాయం చెబుతున్నది. అప్పుడు మన ఆదోని బళ్ళారి మండలంలోనిది. 1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు కదా కర్నూలు జిల్లాలో చేరింది!

చదువురానివానితో, నల్లని నవాబుతో, తెల్లని దొరతో, ముగ్గురితోనూ ఒకే గురువు మాటలాడినాడు. మనం ఆ గురువు సన్నిధికి బస్సులో పోతూ, ప్రక్క సీటులో కూర్చున్నవాని కులమేమిటో తెలిసికొనేదాకా నెమ్మదిగా ఉండలేము. తెలిసిన తరువాత మాటలాడము.

దూరదేశంలో తగిలిన దెబ్బ

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, ఒలాథే అనే పట్టణంలో, హైదరాబాదువాడైన శ్రీనివాస్ కూచిభొట్ల అనే ఇంజనీరును ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపినాడు. కొలువు ముగించుకొని మిత్రునితో కలిసి కూర్చున్న యువకుడాయన. వయస్సు 32. ఇతర దేశంవాడని తోచడమే ఆయన చేసిన నేరం. మిత్రుడు గాయపడినాడు. అక్కడనే ఉన్న ఇయాన్ గ్రిల్లట్ అనే మరొక శ్వేతజాతీయ యువకుడు హంతకుని ఆపబోయి తానూ తూటా దెబ్బ తిన్నాడు. ఆ హంతకునికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. అదే రంగు, అదే దేశం, అదే గది. ఒకడు కన్ను మూసినాడు, ఒకడు కన్ను తెరచినాడు. కాబట్టి ఇది జాతి లక్షణం కాదు, సంస్కార లక్షణం.

ఆ వార్తకు తెలుగునేల అంతా ఏడ్చింది. మేమూ ఏడ్చినాము. కాని అది జరిగి నెల దాటినదో లేదో, 2017 మార్చిలో, మన దేశంలోనే గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా నుండి చదువుకోవడానికి వచ్చిన విద్యార్థుల మీద గుంపులు పడి కొట్టినవి. ఒక స్థానిక యువకుడు మరణించగా, ఆధారం లేకుండా నింద వారి మీద వేసినారు. ఆ పిల్లలకూ తల్లులున్నారు. ఆ తల్లులు కూడా వార్తలు చూచి ఏడ్చియుంటారు. మొదటి వార్తకు మనం కార్చిన కన్నీరులో సగమైనా రెండవ వార్తకు కార్చినామా? ఆత్మౌపమ్యం అన్న మాటకు పరీక్ష ఇక్కడ కలదు. మన నొప్పిని కొలిచిన మానికతోనే ఎదుటివాని నొప్పిని కొలువవలెను. మానిక మార్చరాదు.

1893లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో రంగు కారణంగా రైలు నుండి త్రోయబడిన గాంధీమహాత్ముడు ఏమి చేసినాడు? తెల్లవాని తప్పును నిలదీసినాడు. అంతటితో ఆగలేదు. 1915లో అహమ్మదాబాదు ఆశ్రమంలో అస్పృశ్యులనబడిన కుటుంబానికి చోటు ఇచ్చినాడు. దాతలు చేయి ముడుచుకొన్నా వెనుకకు పోలేదు. తనకు తగిలిన దెబ్బను అద్దంగా మార్చుకొని తన ఇంటిని చూచుకొన్నాడు.

బావిగట్టు మీద ఒక చెంబు

ఇప్పుడు మా సంగతి. మా దౌహిత్రుడు అమెరికాలో ఉద్యోగంలో ఉన్నాడు. ఆ కాన్సాస్ వార్త తరువాత కొన్నాళ్ళకు ఒక రాత్రి ఫోను చేసినాడు. "తాతా, ఈ దినం అంగట్లో ఒకాయన నన్ను మీ దేశానికి పొమ్మన్నాడు. చుట్టూ పదిమంది ఉన్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. ఆయన మాట కంటె వాళ్ళ మౌనమే నాకు ఎక్కువ నొప్పిగా ఉంది" అన్నాడు. మాకు ఒళ్ళు మండింది. "వాళ్ళకు ధర్మం తెలియదు నాయనా" అని ఏమేమో అన్నాము. వాడు అంతా విన్నాడు. విని, "తాతా, చిన్నప్పుడు నువ్వు నాకు బావి కాడి పిల్లవాని కథ చెప్తుంటివి కదా. ఆ పిల్లవాడు ఏమనుకొన్నాడో ఎప్పుడైనా అడిగినావా?" అన్నాడు.

మేము ఉత్తరం చెప్పలేకపోయినాము.

ఆ కథ ఇది. మాకు తొమ్మిదేండ్లు. ఎమ్మిగనూరు దగ్గరి పల్లె మాది. తోటలో కపిలబావి ఉండేది. ఎద్దులు కపిల తోలుతుంటే తోలుబాన నిండి నీరు పైకి వచ్చి కాలువలో పారేది. ఆ బానను కుట్టి ఇచ్చినవాడు మాదిగవాడలోని ఒక పెద్దాయన. ఊరి పైరంతా ఆయన చేతి తోలులో నుండి వచ్చిన నీరు త్రాగేది. ఆ నీటినే మేమూ త్రాగేవారము. ఆయన మాత్రం ఆ బావిలో చెంబు ముంచరాదు! 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అస్పృశ్యతను రద్దు చేసింది. 1955లో దానికి శిక్ష విధించే చట్టం కూడా వచ్చింది. ఆ వార్త ఏదీ మా బావిగట్టు ఎక్కలేదు.

ఒక ఎండకాలం మధ్యాహ్నం ఆ పెద్దాయన కుమారుడు దప్పికతో వచ్చి దూరంగా నిలుచున్నాడు. మాకంటె రెండేండ్లు పెద్ద. మేము చెంబు ఎత్తిపట్టి అతని దోసిట్లో నీరు పోసినాము. చినుకులు మా కాళ్ళ మీద పడినవి. అది చూచి మా జేజి కేకలు వేసి మమ్మల్ని తిరిగి తలస్నానం చేయించింది. దీనిని మేము అరవై యేండ్లుగా మా అల్లరి కథగా చెప్పుకొంటూ వచ్చినాము. విన్నవారు నవ్వేవారు, మేమూ నవ్వేవారము.

మనవడు అడిగిన ప్రశ్నతో నిద్ర పోయింది. విచారించగా ఆ పిల్లవాడు లెక్కల ఉపాధ్యాయులై ఎందరికో చదువు చెప్పి, పదవీ విరమణ చేసి ఎమ్మిగనూరులోనే ఉన్నారని తెలిసింది. పోయినాము. అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టినారు. "అన్నా, బావి దగ్గరి సంగతి జ్ఞాపకమున్నదా?" అని అడిగినాము. జీవితంలో మొదటిసారి ఆయనను అన్నా అని పిలిచినాము.

ఆయన కొంతసేపు ఊరకున్నారు. "ఉంది సామీ. నీళ్ళు ఎత్తిపోసిరని కాదు, ఆ కాలంలో అందరూ అట్లనే పోసిరి. పోసినంతసేపు మీరు చెంబునే చూస్తా ఉంటిరి. నా ముఖం చూడలేదు. ఆ దినం బడిలో నాకు లెక్కల్లో మొదటి మార్కు వచ్చిండె. మీతో చెప్పాలని ఉండె. చెప్పేదానికి నాకు మీ ముఖం దొరకలేదు" అన్నారు.

భగవద్బంధువులారా! ఆదిపర్వాన్ని ఎన్నిసార్లు పురాణం చెప్పినామో లెక్కలేదు. కన్నులు మూసికొన్న అంబికను మేము ఆ క్షణంలో చూచినాము. ఆమె మాలోనే ఉన్నది.

వెంటనే మా నోరు ఊరుకొన్నదా? లేదు. "మా జేజి చెడ్డది కాదన్నా, ఆనాటి ఆచారం, మేము పసివాళ్ళము" అని సమాధానం మొదలుపెట్టినాము. ఆయన చేయి అడ్డం పెట్టి, "మీ జేజమ్మను నేను ఒక్కమాట అనలేదు సామీ. నేను చెప్పేది అయ్యేదాకా వినండి. ఆమీద మీరు చెప్దురు గాని" అన్నారు. అప్పుడు మౌనం వహించినాము. ఆయన గంటసేపు చెప్పినారు. కాఫీహోటలులో తమవారికి వేరుగా చూరులో దోపిన గ్లాసు సంగతి చెప్పినారు. తమ తండ్రిని ఊరి పిల్లలు 'ఏరా' అని పిలుస్తుంటే తాము తల వంచుకొన్న సంగతి చెప్పినారు. 1980లో ఉపాధ్యాయుడై ఆదోనిలో అద్దె ఇంటికి అడ్వాన్సు ఇస్తే, కులం తెలిసిన మరునాడు ఆ డబ్బు తిరిగి వచ్చిన సంగతి చెప్పినారు. గొంతు ఎత్తలేదు. లెక్క చెప్పినట్లు చెప్పినారు.

ఇంతలో వారి కోడలు కాఫీ తెచ్చి ముందుంచింది. మేము బయట ఏమీ పుచ్చుకొనే అలవాటు లేనివారము. చేయి చాచినాము; ఒక క్షణం ఆగింది. ఆయన చూచినారు. "వద్దనుకొంటే చెప్పండి సామీ, దాచుకోవద్దండి" అన్నారు. "వద్దని కాదన్నా. చేయి ఆగిన మాట నిజం. అరవై యేండ్ల అలవాటు ఆపింది. నీ దగ్గర అబద్ధం చెప్పలేను" అన్నాము. తరువాత త్రాగినాము. దుర్యోధనుని విందు కాదని శ్రీకృష్ణపరమాత్మ భుజించినది దాసీపుత్రుడైన విదురుని ఇంట కదా! ఆ కథ చెప్పి పండ్లు, శాలువలు పుచ్చుకొన్నవారము, ఆ కథలోనికి అడుగు పెట్టడానికి ఇన్నేండ్లు పట్టింది.

లేచి వచ్చేటప్పుడు ఆయన ఒక మాట అన్నారు. "మా మనవరాలికి ఆదోనిలో ఉద్యోగం వచ్చింది సామీ. నాలుగిండ్లు చూసింది. నలుగురూ మీరేమిటోళ్ళని అడిగి, చెప్తామని పంపిరి. నాకు జరిగిందే ఆ బిడ్డకూ జరుగుతా ఉంది." మమ్మల్ని ఏమీ కోరలేదు. కాని మా మేడమీది రెండు గదులు ఖాళీగా ఉన్న సంగతి, గోడకు 'బ్రాహ్మణులకు మాత్రమే' అని పలక వ్రేలాడుతున్న సంగతి ఆయనకు తెలియదు. మాకు తెలుసు.

ఇంటికి వచ్చి మా గృహిణితో అంతా చెప్పినాము. ఆమె చాలాసేపు మాటలాడలేదు. చివరకు, "మీకు మోకాళ్ళ నొప్పి, బల్ల ఎక్కలేరు. పలక నేనే తీస్తాను" అన్నది. ఆ అమ్మాయిని పిలిచి, ఈ ఇంట్లో మాంసం వండరాదని, ఎవరు వచ్చినా ఇదే నియమమని, ఇష్టమైతే ఉండవచ్చునని చెప్పినాము. ఆ బిడ్డ మా ఇంట మూడేండ్లు ఉన్నది. ఏమి వండుతారని అడగడం వేరు, ఎవరికి పుట్టినారని అడగడం వేరు. మొదటి ప్రశ్నను రెండవదానికి ముసుగుగా వాడుతున్నామా అని ఎవరికి వారు పరీక్షించుకోవలెను. మా బంధువులలో కొందరు కొన్నాళ్ళు రాకపోకలు మానినారు. తరువాత వచ్చినారు. ఒకరు నేటికీ రాలేదు. ఆ లోటు మాకున్నది. దాచిపెట్టడం లేదు.

మాటలాడడం, వినడం

ఛాందోగ్యంలో సత్యకామ జాబాలుని కథ కలదు. గౌతముడు గోత్రమడిగినాడు. ఆ బాలుడు, తన తండ్రి ఎవరో తల్లికి తెలియదని ఆమె చెప్పిన మాటను ఉన్నదున్నట్లు చెప్పినాడు. గురువు మెచ్చినది గోత్రాన్ని కాదు, సత్యాన్ని. సమిధలు తెమ్మని శిష్యునిగా స్వీకరించినాడు. ఆ బాలునికి అంత నిజం చెప్పే ధైర్యం ఎక్కడి నుండి వచ్చింది? నిజం చెబితే వినే గురువు దొరికినందువలన ఆ నిజం వృథా కాలేదు. నేడు కులం దాచుకొని బ్రతికేవారున్నారు, ఊరి పేరు, ఇంటిపేరు దాచేవారున్నారు. వారు అబద్ధమాడుతున్నారని నిందించడానికి ముందు, నిజం చెబితే మనం ఏమి చేస్తామో ఆలోచించవలెను.

గీత పదునేడవ అధ్యాయంలో వాక్కుకు సంబంధించిన తపస్సును భగవానుడు చెప్పినాడు. మాట ఇతరులను ఉద్వేగపరచనిదై, సత్యమై, ప్రియమై, హితమై ఉండవలెను. ప్రియంగా ఉండవలెనని సత్యాన్ని మ్రింగితే అది తపస్సు కాదు. 'మా ఊళ్ళో అటువంటివి ఏమీ లేవండీ' అనే మాట ప్రియమే, సత్యం కాదు. సత్యమని చెప్పి ఎదుటివానిని గ్రుచ్చి మాటలాడితే అదీ తపస్సు కాదు. ఆ ఉపాధ్యాయుడు మాతో మాటలాడిన తీరే వాఙ్మయతపస్సు. మా జేజిని నిందించలేదు, తన నొప్పిని దాచలేదు.

మాటలాడే తపస్సుకు జంటగా వినే తపస్సు ఉండవలెను. వేదానికి శ్రుతి అని పేరు. చెప్పినదని కాదు, విన్నదని. ఎదుటివాడు తన కష్టం చెబుతుంటే మధ్యలో 'నేను అట్టివాడను కాను' అని అడ్డుపడరాదు. 'మాకూ కష్టాలున్నవి' అని తూకం వేయరాదు. వినడం పూర్తి అయిన తరువాత మన చేతిలో ఏదైనా పలక ఉన్నదేమో చూచుకొని, దానిని తీయవలెను. పలక తీయని పశ్చాత్తాపం, నీరు లేని కపిల తోలడం వంటిది. ఎద్దులకు శ్రమ, మడికి ఎండ.

మన ఎమ్మిగనూరు చేనేతకు పేరు పడిన ఊరు. మాచాని సోమప్పగారు 1938లో నేతగాండ్ర సహకార సంఘాన్ని నెలకొల్పిన ఊరు. ఏ నేతగాని అడిగినా చెబుతాడు: పడుగు ఒక వైపు, పేక ఒక వైపు; రెండూ ఒకదాని నొకటి దాటిపోకుండా పెనవేసికొంటేనే బట్ట. పడుగు పడుగుగానే మిగిలితే అది నూలుపోగుల కట్ట. మానం కాపాడదు. సమాజం సంగతీ అంతే.

ఈ రాత్రి ఇంటికి పోయిన తరువాత ఒక చిన్న వ్రతం పట్టండి. దీనికి ద్రవ్యం అక్కరలేదు. మీ వాకిలి ఊడ్చే అమ్మ, మీ చెత్తబండి నడిపే అన్న, మీ చేలో పత్తి తీసే అవ్వ, వీరిలో ఒక్కరి ముఖం రేపు తిన్నగా చూడండి. పేరు అడగండి. వయస్సుకు తగిన వరుస పెట్టి, మీరు అని పిలవండి. వారు ఏదైనా చెబితే చివరిదాకా వినండి. దూరదేశంలోనున్న మీ బిడ్డలతో ఎదుటివారు ఎట్లు నడుచుకోవలెనని కోరుకొంటున్నారో, అట్లు నడుచుకోండి.

ఆ ఉపాధ్యాయులు ఇప్పుడు లేరు. పోయిన సంవత్సరం పరమపదించినారు. చివరిసారి చూడబోయినప్పుడు మేము అడిగినాము, "అన్నా, ఆనాడు లెక్కల్లో ఎన్ని మార్కులు వచ్చినవి?" అని. ఆయన ముఖం వెలిగింది. "నూటికి తొంభై ఎనిమిది సామీ" అన్నారు. అరవై యేండ్లు ఆలస్యంగా ఆ మాట మేము విన్నాము. మీకు అంత ఆలస్యం కాకుండునట్లు శ్రీ గురురాజులు అనుగ్రహింతురు గాక!

హరిః ఓం తత్ సత్. శుభం భూయాత్.